యుద్ధం రాసిన ప్రోనోటు

కర్నూలు, కడప జిల్లాల్లో ప్రోనోటు అంటే తెలియని ఇల్లుండదు. విత్తనాలకు అప్పు తెచ్చినా, బోరు వేయించినా, కూతురి పెళ్లి చేసినా రెవెన్యూ స్టాంపు అంటించిన ఆ కాగితం మీద సంతకమో వేలిముద్రో పడాల్సిందే. చదువు రానివాళ్లు కూడా దాన్ని పక్కవాళ్లతో చదివించుకుని నాలుగు సంగతులు ఆరా తీస్తారు. రాసిచ్చింది ఎవరు, ఎప్పుడు తీర్చాలి, ఎక్కడ తీర్చాలి, దేని రూపంలో తీర్చాలి? మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుందని వాళ్లకు తెలుసు. ఆలోగా కొంత కట్టించుకుని వెనకవైపు చెల్లు రాయిస్తే దానికి మళ్లీ ఆయుష్షు వస్తుందనీ తెలుసు. ప్రోనోటును ఇంత జాగ్రత్తగా చదివే మనం జేబులోని కరెన్సీ నోటును మాత్రం అంకె చూసి మడిచి పెట్టేస్తాం. అదీ ఒక ప్రోనోటే. అందులోనూ యుద్ధకాలంలో పుట్టిన నోటుకు ఈ పోలిక మరీ అతుకుతుంది. పాత నోట్లు సేకరించేవాళ్లలో యుద్ధపు నోట్లను, ముట్టడిలో అచ్చువేసిన అత్యవసర నోట్లను, సైన్యాలు చెలామణి చేసిన నోట్లను ప్రత్యేకంగా వెతికే వర్గం ఒకటుంది. వాళ్ల ఆల్బముల్లో సాధారణంగా దూరదేశాల కాగితాలే ముందు వరుసలో ఉంటాయి. యుద్ధపు నోటును ప్రోనోటు చదివినట్టు చదవాలనీ, అలా చదివితే మన ఇళ్లలో పాత ట్రంకుపెట్టెల అడుగున నలిగి పడివున్న రూపాయి నోటే సేకరించదగ్గ మొదటి యుద్ధపత్రంగా తేలుతుందనీ చెప్పడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

వెంటనే ఒక అభ్యంతరం వస్తుంది. ఈ ఎండు సీమకూ ప్రపంచ యుద్ధాలకూ ఏమిటి సంబంధం? 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు బాంబులు వేసింది విశాఖపట్నం మీద, కాకినాడ మీద. తుంగభద్ర ఒడ్డునో పెన్న ఒడ్డునో ఒక్క గుండూ పేలలేదు కదా అని. మాట నిజమే. కానీ యుద్ధం గుండు రూపంలోనే రావాలని లేదు, ఖర్చు రూపంలోనూ వస్తుంది. ఆ లెక్కన చూస్తే ఈ నేలకున్నంత అనుభవం తక్కువ ప్రాంతాలకుంటుంది. 1800 అక్టోబరులో నిజాము తన దగ్గర ఉంచుకున్న కంపెనీ సైన్యం ఖర్చుల కింద కడప, బళ్లారి ప్రాంతాలను ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చేశాడు. దత్తమండలాలు అన్న పేరు అలా వచ్చిందే. సిపాయిల జీతాల పద్దులో ఊళ్లకు ఊళ్లు జమకట్టిన చోటిది. కర్నూలు మాత్రం 1839 దాకా నవాబుల చేతిలో ఉండి, పేష్కషు అనే కప్పం కట్టుకుంటూ వచ్చి, ఆ తరువాత కంపెనీ పాలనలోకి పోయింది. యుద్ధపు అప్పుకు నేలనే హామీ పెట్టిన ప్రాంతం, నూటపదిహేడేళ్ల తరువాత అదే అప్పును కాగితం రూపంలో అందుకుంది. యుద్ధపు అప్పుకు ఇంత చేరువలో ఉండి కూడా మనం ఆ కాగితాన్ని పట్టించుకోకపోవడమే వింత.

ఆ కాగితం పుట్టిన తేదీ 1917 నవంబరు 30. అంతకుముందు మన దేశంలో ఐదు రూపాయలకన్నా చిన్న నోటు లేదు. పల్లెలో ఐదు రూపాయలంటే పెద్ద మొత్తం. కాబట్టి సేద్యగాళ్లలో చాలామందికి దుడ్లంటే వెండి రూపాయలే, రాగి కాసులే. మొదటి ప్రపంచ యుద్ధం ఆ వెండిని కొరత చేసింది. మన పత్తి, మన నూనెగింజలు, మన తోళ్లు మిత్రదేశాలకు కావలసి వచ్చాయి. మెసపొటేమియాలో ఉన్న భారతీయ సైన్యానికి జీతాలు చెల్లించాలి. కొన్నవన్నిటికీ వెండి రూపాయలు పోయాలి. మరోవైపు మెక్సికోలో అంతర్యుద్ధం వల్ల గనుల నుంచి వచ్చే వెండి తగ్గింది. లండనులో ఔన్సు వెండి ధర 43 పెన్సులు దాటిందంటే, పదహారు పెన్సులకు మారే రూపాయిలోని లోహం ఆ రూపాయికన్నా ఎక్కువ చేస్తుంది. 1917లో ధర ఆ గీత దాటింది. నాణేలు కరిగించడం నేరమని అదే ఏడాది జూనులో ప్రభుత్వం ప్రకటించింది. సెప్టెంబరులో ప్రైవేటు వ్యక్తులు వెండి దిగుమతి చేసుకోవడాన్ని అడ్డుకుంది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో అమెరికా పిట్‌మన్ చట్టం తెచ్చి, తన ఖజానాలోని వెండి డాలర్లను కరిగించి 20 కోట్ల ఔన్సుల వెండిని భారతదేశం కోసం బ్రిటనుకు అమ్మింది. ఆ వెండి చేరేలోగా బండి నడిపించడానికి వచ్చిందే ఒక రూపాయి నోటు. 1918 జనవరిలో దానికి తోడుగా రెండు రూపాయల ఎనిమిదణాల నోటు కూడా వచ్చింది. అంటే రెండున్నర రూపాయలు. అలాంటి మొత్తానికి ప్రభుత్వం నోటు వేయడం అదే మొదలు, అదే చివర. నోట్ల జారీ విభాగమైన మద్రాసు సర్కిలుకు పంపిన ఆ రెండున్నర నోట్ల మీద వరుస సంఖ్య ముందు 'ఎం' అన్న అక్షరం ఉంటుంది. మన జిల్లాలు మద్రాసు సర్కిలులోవి కనుక ఇక్కడి సేకర్త వెతకాల్సింది ఆ అక్షరాన్నే.

ఇప్పుడు 1917 రూపాయి నోటును ప్రోనోటు చదివినట్టు చదువుదాం. ఇంగ్లండులో చేతితో చేసిన కాగితం మీద అచ్చయి, పాతికేసి నోట్ల పుస్తకాలుగా వచ్చింది. పుస్తకం నుంచి చింపి ఇచ్చేవారు. ఒక పక్క అయిదవ జార్జి వెండి రూపాయి బొమ్మ ఉంది. ఎనిమిది దేశభాషల్లో విలువ రాసి ఉంది. ఇంగ్లీషులో ఒక వాగ్దానం ఉంది: ఈ నోటు తెచ్చినవారికి అడిగిన వెంటనే ఏ జారీ కార్యాలయంలోనైనా ఒక రూపాయి చెల్లిస్తానని. కింద ప్రభుత్వ అధికారి సంతకం ఉంది. గబ్బే, మెక్‌వాటర్స్, డెన్నింగ్ అన్న ముగ్గురి సంతకాలతో ఈ నోట్లు దొరుకుతాయి. రాసిచ్చింది ఎవరు? భారత ప్రభుత్వం. ఎప్పుడు? అడిగిన వెంటనే. దేని రూపంలో? రూపాయి, అంటే వెండి. పక్కన బొమ్మ కూడా వేసి చూపించారు. మూడు ప్రశ్నలకూ జవాబు బాగానే ఉంది. చిక్కంతా నాలుగో దాంట్లో ఉంది. ఎక్కడ?

జారీ కార్యాలయం అంటే మన జిల్లాలకు మద్రాసే. కడపకు రైలుంది కాబట్టి పోనీ ఒకరోజు ప్రయాణం అనుకోవచ్చు. బనగానపల్లె దగ్గరి పల్లెలోనో పులివెందుల దగ్గరి పల్లెలోనో ఉండే మనిషి ఒక్క రూపాయి మార్చుకోవడానికి మద్రాసు పోతాడా? అందుకని జిల్లా ఖజానాల్లో సౌకర్యం కొద్దీ నోట్లు మార్చేవారు. అది హక్కు కాదు, మర్యాద. యుద్ధం ముదిరి వెండి నిల్వ అడుగంటేసరికి ఆ మర్యాదను చాలావరకు వెనక్కి తీసుకున్నారు. రైళ్లలో వెండి నాణేలు తరలించడాన్నీ నిషేధించారు. వాగ్దానంలో అక్షరం చెరగలేదు, చెల్లించే చోటు మాత్రం దూరమైపోయింది. ఫలితంగా లోపలి ఊళ్లలో నోటు ముఖవిలువకు పోలేదు. ఇచ్చి వెండి అడిగితే షావుకారు కొంత కోసుకునేవాడు. మన భాషలో దానికి చక్కటి మాట ఉంది, వట్టం. నోటు మీద వట్టం పడటాన్ని ఆనాటి దొరలు పల్లెజనం అజ్ఞానంగా, భారతీయులకు వెండి మీదున్న పిచ్చిగా లెక్కగట్టారు. నేటికీ కొన్ని పుస్తకాలు ఆ మాటే వల్లిస్తాయి. కానీ లెక్క చూడండి. ఔన్సు 43 పెన్సులు దాటిన వెండి 1920 ఫిబ్రవరికల్లా 89 పెన్సులు దాటింది. కాగితం పుచ్చుకోకుండా వెండి దాచుకున్న సేద్యగాడు ప్రోనోటును సరిగ్గానే చదివాడు. తీర్చే చోటు దూరం, తీర్చే వస్తువు ధర పెరుగుతోంది, తీర్చేవాడు యుద్ధంలో ఉన్నాడు. అటువంటి ప్రోనోటును ఏ ఊళ్లోనైనా వట్టం లేకుండా కొంటారా?

తుంగభద్ర దాటితే ఇదే కథ ఇంకో లిపిలో ఉంది. కర్నూలుకు ఎదుటి ఒడ్డున అలంపురం అప్పటికి నిజాము రాజ్యం. అక్కడి రూపాయి వేరు, హాలీ సిక్కా అనేవారు. మనదాన్ని వాళ్లు కల్దారు అనేవారు. నిజాము సర్కారు కాగితపు నోట్లు వేయాలని అంతకుముందే తలచినా, బ్రిటిషువాళ్లు ఒప్పుకున్నది మొదటి ప్రపంచ యుద్ధంలో వెండి కరువయ్యాకే, యుద్ధానికి నిజాము చేసిన సాయాన్ని చూసుకునే. 1918లో చట్టం చేసి పది, వంద రూపాయల ఉస్మానియా సిక్కా నోట్లు తెచ్చారు. 1919లో ఒకటి, ఐదు రూపాయల నోట్లు వచ్చాయి. వాటి మీద ఉర్దూతోపాటు తెలుగు, మరాఠీ, కన్నడం, ఇంగ్లీషు కూడా ఉన్నాయి. నూటపదహారు రూపాయల పదణాల ఎనిమిది పైల సిక్కాకు నూరు రూపాయల కల్దారు అన్నది అధికార లెక్క. నోటి లెక్కలో ఏడుకు ఆరు. ఒక ఏరు, రెండు ఒడ్లు, ఒకే యుద్ధం పుట్టించిన రెండు ప్రోనోట్లు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపగల సేకర్త కర్నూలులో ఉంటే, దూరదేశపు ముట్టడి నోట్ల ఆల్బమును నేను రెండో వరుసలో చూస్తాను. ఇంకో సంగతి. 1947 చివర్లో నిజాము ప్రభుత్వం భారత కరెన్సీ తన రాజ్యంలో చెల్లదని ఆర్డినెన్సు తెచ్చింది. ఏటికి ఒక ఒడ్డున చెల్లే కాగితం రెండో ఒడ్డున అచ్చంగా కాగితమే అయిపోయింది. 1948 సెప్టెంబరులో నిజాము రాజ్యం భారతదేశంలో కలిశాక రెండు రూపాయలూ కొన్నాళ్లు పక్కపక్కనే నడిచాయి. 1951 నుంచి హాలీ జారీ ఆగింది. 1959లో అది పూర్తిగా రద్దయింది.

తిరిగి మన రూపాయి నోటుకు వద్దాం. అచ్చు ఖర్చు గిట్టడం లేదని 1926లో దాన్ని ఆపేశారు. యుద్ధం అయిపోయింది, వెండి దొరుకుతోంది, కాగితంతో పనేముంది అనుకున్నారు కాబోలు. 1940 జూనులో ఫ్రాన్సు జర్మనీకి లొంగిపోయిందన్న వార్త వచ్చింది. దేశమంతటా జనం నోట్లిచ్చి వెండి రూపాయలు తెచ్చుకోవడానికి ఎగబడ్డారు. సొంత అవసరానికి మించి నాణేలు కూడబెట్టడం నేరమని జూను 25న ఉత్తర్వు వచ్చింది. జూలైలో రూపాయి నోటు మళ్లీ పుట్టింది. ఆ రెండో నోటును మొదటిదానితో పోల్చి చదివినవారికి ఒక మాట కనిపించదు. వాగ్దానం లేదు. జారీ కార్యాలయం లేదు, అడిగిన వెంటనే అన్న మాట లేదు. భారత ప్రభుత్వం, ఒక రూపాయి, అంతే. చట్టం ప్రకారం ఆ కాగితమే రూపాయి నాణెంతో సమానం. ప్రోనోటు భాషలో చెప్పాలంటే, అప్పు తీరుస్తానని రాసిచ్చిన కాగితం పోయి, ఈ కాగితమే తీర్చడం అనుకో అనే కాగితం వచ్చింది. మొదటి యుద్ధం వాగ్దానాన్ని దూరం చేసింది, రెండోది దాన్ని తుడిచేసింది. నాణెం బొమ్మ మాత్రం మిగిలింది. అదే కాలంలో నాణెంలో వెండి కూడా పలచబడింది. పన్నెండింట పదకొండు వంతులున్న వెండిని సగానికి దించారు. విక్టోరియా రూపాయలను 1941లో, ఏడవ ఎడ్వర్డువి 1942లో, పాత వెండి జార్జి రూపాయలను 1943లో వరుసగా చెల్లకుండా చేశారు. రాగి మిగుల్చుకోవడానికి 1943లో నడిమధ్యన చిల్లు పెట్టిన కాణీ వచ్చింది. చిల్లర ఎంత కరువైందంటే సౌరాష్ట్ర, రాజస్థాన్ సంస్థానాలు కొన్ని అట్ట ముక్కల మీద అణాల కూపన్లు అచ్చు వేసుకున్నాయి. అవి అత్యవసర నోట్ల సేకర్తలకు బాగా తెలిసినవే.

రూపాయి నోటును మించిన సాక్ష్యం ఇంకోటి మన జేబులోనే ఉంది. ఏ రిజర్వు బ్యాంకు నోటునైనా వెలుగుకు ఎత్తి పట్టండి, నిలువునా ఒక దారం కనబడుతుంది. ఆ భద్రతా దారం మన నోట్లలోకి వచ్చింది రెండో ప్రపంచ యుద్ధం నడిమిలో. జపానువాళ్లు భారత నోట్లకు చాలా నేర్పుగా నకిలీలు తయారుచేశారు. దాంతో రిజర్వు బ్యాంకు నీటిగుర్తును మార్చి, దేశంలో మొదటిసారి దారం పెట్టింది. పక్కకు తిరిగి ఉన్న ఆరవ జార్జి ముఖాన్ని ఎదురుగా తిప్పి వేసింది కూడా ఆ కాలంలోనే. తుపాకి మోత వినని ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలోనూ నంద్యాల మండీల్లోనూ ప్రతి చేతిలో యుద్ధపు దారం ఆడుతూనే ఉంది.

అయితే యుద్ధపు నోటుకూ మామూలు నోటుకూ తేడా చూపకుండా అన్నిటినీ యుద్ధం ఖాతాలో వేస్తున్నావని ఎవరైనా అనొచ్చు. ఈ అభ్యంతరానికి బరువుంది, కాబట్టి అంకెలు చెప్పాలి. 1939 సెప్టెంబరులో దేశంలో చెలామణిలో ఉన్న నోట్ల విలువ సుమారు 180 కోట్ల రూపాయలు. యుద్ధం ముగిసేసరికి అది 1,100 కోట్లు దాటింది. ఆరు రెట్లు. పంట ఆరు రెట్లు పండిందా? లేదు. బర్మా చేజారి 1942 నుంచి అక్కడి బియ్యం రావడం ఆగిపోయింది. కాగితం ఎందుకు పెరిగిందంటే, బ్రిటను తన యుద్ధానికి ఇక్కడ కొన్న ధాన్యానికి, గుడ్డకు, ఇక్కడి సైన్యం ఖర్చులో తన వాటాకు లండనులో పౌండ్లు జమ వేసుకుంటూ పోయింది. ఆ పౌండు పత్రాలను ఆస్తిగా చూపించి రిజర్వు బ్యాంకు ఇక్కడ రూపాయలు అచ్చు వేసింది. రిజర్వు బ్యాంకు చట్టం అందుకు ఒప్పుకుంది. యుద్ధాంతానికి లండనులో మనకు రావలసిన బాకీ సుమారు 130 కోట్ల పౌండ్లు, రూపాయల్లో 1,700 కోట్లకు పైనే. దీన్ని శెనక్కాయలు అమ్ముకున్న రైతు వైపు నుంచి చూడండి. కాయలు పోయాయి, చేతికి నోట్లు వచ్చాయి. ఆ నోట్లతో కిరసనాయిలు కొందామంటే దొరకదు, గుడ్డ కొందామంటే దొరకదు, దొరికినా ధర పైకి పోయింది. ఎవరూ అడగకుండానే, ఎక్కడా సంతకం పెట్టకుండానే ఆ రైతు లండనుకు అప్పిచ్చాడు. ఆ అప్పు పత్రమే అతని రుమాలు మూటలోని నోటు. సైన్యం ముద్ర లేదు కాబట్టి అది సైనిక నోటు కాదంటే, ముద్ర చూసి మోసపోయినట్టే. 1946 జనవరి 12న ఐదువందలు, వెయ్యి, పదివేల నోట్లను రద్దు చేయడం కూడా యుద్ధకాలంలో చీకటి బజారున పోగైన ఈ కాగితం మీద కొట్టిన దెబ్బే.

మరి ప్రపంచంలో పేరుమోసిన యుద్ధపు నోట్ల మాటేమిటి? వాటిని కాదనడం లేదు. మన ప్రశ్నలను వాటికీ వేస్తే అవి ఇంకా బాగా మాట్లాడతాయి. 1884లో సూడానులోని ఖార్తూములో ముట్టడిలో చిక్కిన బ్రిటిషు జనరల్ గోర్డన్ ఆరు నెలల తరువాత ఖార్తూము ఖజానాలోగానీ కైరోలోగానీ చెల్లిస్తామని నోట్లు రాసిచ్చాడు. తేదీ ఉంది, గడువుంది, చోటుంది. ఇంత చక్కటి ప్రోనోటు యుద్ధాల్లో అరుదు. రాసిచ్చిన మనిషి మాత్రం మరుసటి జనవరిలో చనిపోయాడు. 1900లో దక్షిణాఫ్రికాలోని మాఫెకింగ్ ముట్టడిలో వేసిన నోట్ల మీద, పౌరపాలన తిరిగి మొదలయ్యాక బ్యాంకులో నాణెంగా మార్చుకోవచ్చని ఉంది. గెలిస్తేనే తీరుస్తాననే షరతు అది. గెలిచారు, తీర్చడానికి సిద్ధపడ్డారు, కానీ జ్ఞాపకంగా దాచుకుందామని చాలామంది వెనక్కి ఇవ్వనేలేదు. మొదటి యుద్ధంలో తూర్పు ఆఫ్రికాలో దిగ్బంధంలో పడ్డ జర్మన్లు స్థానికంగా దొరికిన కాగితం మీద రబ్బరు స్టాంపులతో నోట్లు కొట్టారు. వాటి మీద ఉన్న నాణెం పేరు 'రూపియె'. మన రూపాయే! అక్కడ వాళ్ల మీద పోరాడినవారిలో భారతీయ సిపాయిలున్నారు. ఇటూ అటూ రూపాయిల్లోనే జీతాలు.

తెలుగువారికి దగ్గరిది బర్మా. రంగూను రేవులో, బియ్యపు మిల్లుల్లో లెక్కలేనంతమంది తెలుగు కూలీలుండేవారు. ఎక్కువమంది కోస్తా నుంచి పోయినవారు. 1942లో జపాను బర్మాను పట్టుకుని రూపాయల్లోనే నోట్లు దింపింది. ఆ ఒకటి, ఐదు, పది రూపాయల నోట్ల మీద జపాను ప్రభుత్వం అడిగిన వెంటనే చెల్లిస్తుందని ఇంగ్లీషులో రాసి ఉంది. మన నాలుగు ప్రశ్నలూ వేయండి. రాసిచ్చింది జపాను ప్రభుత్వం, కానీ అధికారి సంతకం లేదు. వరుస సంఖ్య బదులు 'బి'తో మొదలయ్యే అక్షరాలే. ఎక్కడ చెల్లిస్తుందో లేదు. 1945లో బ్రిటిషువారు తిరిగి రాగానే అవి చెల్లవన్నారు. వాళ్లు వెంట తెచ్చినవి రిజర్వు బ్యాంకు నోట్లే. వాటి మీద ఎర్రసిరాతో, బర్మా సైనిక పరిపాలన, బర్మాలో మాత్రమే చెల్లుతుందని కొట్టి ఉంది. జపాను నోటు కట్టలు కట్టలుగా మిగిలిపోయింది కాబట్టి నేటికీ చవగ్గానే దొరుకుతుంది. ఎవరైనా దాన్ని అరుదైనదని ఎక్కువ చెబితే నమ్మకండి. కానీ ఆ చవకదనానికి కారణం తెలిసినవాడికి ఒక్క నోటు చాలు.

ఇక సంత అభ్యంతరం. అరుదైనదానికే విలువ, నలిగిన రూపాయి నోటు ఎవరికి కావాలి అని. సంతలో అది నిజం. లండనులో 2024 మేలో వేలానికి వచ్చిన నోట్లను చూడండి. 1918 జూలై 2న జర్మన్ జలాంతర్గామి ముంచిన షిరాలా అనే ఓడ బొంబాయికి మోసుకొస్తున్న నోట్లవి. ఒడ్డుకు కొట్టుకొచ్చినవాటిని అధికారులు చాలావరకు నాశనం చేశారు, కొన్ని మిగిలాయి. ఆ పది రూపాయల నోట్ల మీద సంతకమే లేదు. సంతకం లేని ప్రోనోటుకు ఊళ్లో చెల్లు లేదు, వేలంలో వేల పౌండ్లు. దీన్ని తప్పుపట్టడం లేదు, సంత సంతే. కానీ ఆ కాగితం ఎవరి కష్టాన్నీ మోయలేదు, ఏ చేతులూ మారలేదు. చేతులు మారి, మడతలు పడి, మూలలు అరిగి, వెనక ఎవరో పెన్సిలుతో లెక్క వేసుకున్న నోటుంది చూడండి, దాని వెనక ఉన్నవన్నీ చెల్లు రాతలే. అది చరిత్రకారుడికి కావలసిన నోటు. సంత మాటకే వస్తే, ట్రాక్టరు బొమ్మ ఉన్న ఐదు రూపాయల నోటుకు లక్షలు ఇస్తామని ఫోన్లకు వచ్చే సందేశాలు మోసాలు. పాత నోట్ల కొనుగోళ్ల పేరిట రుసుములు గుంజుతున్నారని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది.

ఇంకొందరు యుద్ధానికి సంబంధించినవి దాచడమంటే యుద్ధాన్ని గొప్ప చేయడమే అంటారు. పతకాలకూ కత్తులకూ ఆ మాట వర్తించవచ్చు. రూపాయి నోటు మీద సైనికుడు లేడు, జెండా లేదు, గెలుపు లేదు. బాకీ ఉంది. బాకీ చూపించే కాగితం గొప్పలు చెప్పుకోదు. మరి ముంబయిలో రిజర్వు బ్యాంకు మ్యూజియం ఉండగా ఇంటింటా దాచడమెందుకని అడిగేవారికి జవాబు చెప్పడం తేలిక. మ్యూజియంలో ఉండేది అచ్చుయంత్రం నుంచి వచ్చిన మచ్చలేని నోటు. అది ఆత్మకూరులో ఏ చేతిలో ఆగిందో, జమ్మలమడుగులో ఏ నేతగాడికి కూలిగా ముట్టిందో మ్యూజియానికి తెలియదు. ఆ సంగతి తెలిసినవారు ఇళ్లలోని పెద్దవాళ్లు, వాళ్లూ ఎన్నాళ్లో ఉండరు.

అందువల్ల దొరికిన నోటును ఏం చేయాలన్నది కొంచెం చెప్పుకోవాలి. ఇస్త్రీ చేయకండి, నీళ్లతో కడగకండి, చిరిగిన చోట సెలోఫేను టేపు అంటించకండి. ఆ జిగురు ఏళ్లు గడిస్తే కాగితాన్ని పసుపు చేసి తినేస్తుంది. లామినేషన్ చేయించడం ఇంకా చెడ్డపని, మళ్లీ విడదీయలేరు. మెత్తటి పీవీసీ కవర్లు వేడికి నోటుకు అంటుకుపోతాయి. మన ఎండలకు ఆ భయం ఎక్కువ. పాలిస్టరు కవర్లు వాడండి. ఇక్కడి పొడి గాలి కాగితానికి మేలే, కానీ చెదలుంది కాబట్టి గోడకు ఆనించిన పెట్టెలో పెట్టకండి. మొదటి యుద్ధపు నోట్లు నూరేళ్లు దాటాయి. నూరేళ్లు దాటిన వస్తువులను ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడాన్ని 1972 నాటి పురావస్తువుల చట్టం ఒప్పుకోదని అమ్మేవారూ కొనేవారూ గుర్తుంచుకోవాలి.

నోటు మీద ఏమీ రాయకండి. పక్కన ఒక చీటీ పెట్టి దాని మీద రాయండి: ఎవరి పెట్టెలో దొరికింది, ఏ ఊరు, వాళ్లు ఏ పని చేసేవారు, నోటుతోపాటు ఇంకేం ఉన్నాయి. రేషను కార్డుందా, పోస్టాఫీసు క్యాష్ సర్టిఫికెట్టుందా, హాలీ రూపాయుందా, తీరని ప్రోనోటేదైనా ఉందా. చీటీ కింద తేదీ వేసి, చెప్పినవారి చేత సంతకం పెట్టించండి. సంతకం రాకపోతే వేలిముద్ర వేయించండి.